ఐదో కాంటూరు కింద నేల

గుడివాకలంక వైపు గట్లు తెగిన చేపల చెరువు కనిపిస్తే, నేను ముందు అడిగేది ఆ నేల ఎత్తెంత అని. సర్వేయరుగా బతికినవాణ్ణి, కొల్లేటి సరస్సులో ఎత్తే అసలు హద్దు.

అక్కడ మొదట ఉన్నది నీరు, కిక్కిస, తాటిదోనెల మీద వలలు. వేసవిలో నీరు వెనక్కి తగ్గితే బయటపడిన ఒండ్రులో దాళ్వా వరి వేసేవారు. కృష్ణా, గోదావరి ఆనకట్టల కాలువలు వచ్చాక డెల్టా మురుగు నీరూ సరస్సులోకే దిగింది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే పంట పోయేది. 1970ల్లో ప్రభుత్వం సరస్సు భూముల్ని పేదల సహకార సంఘాలకిచ్చింది. తర్వాత చేపల చెరువుల గట్లు లేచాయి. బొచ్చె, శీలావతి చేపలు వరిని తరిమేశాయి. చాలాచోట్ల సంఘం పేరు కాగితం మీదే మిగిలింది, చెరువు మాత్రం పెట్టుబడిదారుడిదైంది. నాకు బాధ కలిగించేది ఇదే.

1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో యంత్రాలు ఆ చెరువుల గట్లను కొట్టేశాయి. అయితే ఆ గీత లోపల జిరాయితీ పొలాలూ ఉన్నాయి. వాటి యజమానుల్నీ ఆక్రమణదారుల్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. పాత అడంగళ్లు, పట్టాలు, ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి, సర్వే నంబరు వారీగా తేల్చాలి. ఉప్పుటేరులో నీరు సముద్రానికి సాఫీగా పోయేలా అడ్డంకులూ తీయాలి.