మాయగుంట మాట్లాడింది, మరి సుబ్బి?

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణ 1897లో వచ్చింది. దాన్ని విజయనగరం మహారాజు ఆనంద గజపతికి అంకితమిస్తూ ఆయన ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. నాటకం చదివినంత శ్రద్ధగా ఆ పీఠికను చదివేవాళ్లు తక్కువ. విశాఖపట్నం తీరంలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ల కాలంలో శుల్కం తీసుకుని చేసిన పెళ్లిళ్లకు మహారాజు ఒక జాబితా తయారు చేయించారని అందులో ఉంది. ఆ జాబితా సమగ్రమేమీ కాదంటూనే గురజాడ లెక్క చెబుతారు. మొత్తం 1034 పెళ్లిళ్లు, అంటే ఏడాదికి సగటున 344. పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల వాళ్లు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44 మంది, మూడేళ్ల వాళ్లు 36 మంది, రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు కుదిరేవని అదే పీఠికలో ఉంది.

తెలుగు సాహిత్యంలో స్త్రీల చిత్రణ గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా పాత్రలతో మొదలుపెడతాం. నేను ఈ జాబితాతో మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఇదీ ఒక చిత్రణే. ఆ పిల్లల వయసులూ ధరలూ మన దాకా వచ్చాయి, పేర్లు రాలేదు. మా కె.కోటపాడూ, పక్కనున్న చోడవరమూ ఆనాటి ఆ విశాల విశాఖపట్నం జిల్లాలోవే. 2022లో కొత్తగా ఏర్పడ్డ అనకాపల్లి జిల్లాలోకి మారాయిగానీ, కథ మాత్రం మా నేలదే.

జాబితాలోని వెయ్యిమంది పిల్లలకు నాటకంలో ప్రతినిధి సుబ్బి. అగ్నిహోత్రావధాన్లు ఆమెను ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మబోతాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. మేనమామ కరటకశాస్త్రి పన్నాగం పన్నుతాడు. మధురవాణి అతనికి సాయం చేస్తుంది. ఇంతమంది ఇన్ని పనులు చేసేది సుబ్బి కోసమే. అయినా నాటకం మూసేశాక సుబ్బి అన్న మాట ఒక్కటీ గుర్తుండదు. ఆ పిల్ల ఏమనుకుందో మనకు తెలియదు.

పీటల మీద కూర్చున్నదైనా ఆడపిల్లేనా అంటే, అదీ కాదు. కరటకశాస్త్రి శిష్యుడు మహేశం ఆడవేషం కట్టి పెళ్లికూతురవుతాడు. వాడే ‘మాయగుంట’. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. మాయగుంటకు మాటలున్నాయి, చమత్కారముంది, చివరికి తప్పించుకుని పారిపోయే దారి కూడా ఉంది. నిజం గుంటకు ఇవేవీ లేవు. తమాషా ఏమిటంటే, లేని ఆ పిల్లను చంపాడన్న నేరం మీద లుబ్ధావధాన్లు కేసులో ఇరుక్కుంటాడు. అసలు పుట్టని ఆడపిల్ల కోసం కోర్టు కదిలింది. జాబితాకెక్కిన 1034 మంది కోసం ఏ కోర్టూ కదల్లేదు. బాల్య వివాహాలను నిషేధించే శారదా చట్టం 1929 దాకా రాలేదు. ఈ వ్యంగ్యం గురజాడకు తెలియకుండా వచ్చిందని నేననుకోను.

1892లో విజయనగరంలో ఈ నాటకం మొదటిసారి ఆడిన కాలంలో స్త్రీ పాత్రలు మగవాళ్లే వేసేవారు. అంటే సుబ్బికి బదులు మగపిల్లాడు ఆడవేషం కట్టడమన్నది కథలోని మాయోపాయం మాత్రమే కాదు, ఆనాటి రంగస్థలం అంతా నడిచిన పద్ధతి కూడా. ఆడవాళ్ల బాధ గురించిన నాటకాన్ని ఆడవాళ్లు లేకుండానే ఆడగలిగారు. తర్వాత కాలంలో స్థానం నరసింహారావు వంటి మహానటులు స్త్రీ పాత్రలకే ప్రసిద్ధులయ్యారు. వారి ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆడదాని నడక ఎలా ఉండాలో, సిగ్గు ఎలా ఉండాలో తెలుగు ప్రేక్షకుడు చాలాకాలం మగవాడి ఒంటి మీదే చూశాడు. ఆ కొలతలనే తర్వాత అసలు ఆడవాళ్లకు పెట్టి చూశాడు.

మరి నాటకంలో మాట ఎవరిది? మధురవాణిది. 1897 ప్రతిలో ఆమె పాత్ర చిన్నది. 1909లో గురజాడ నాటకాన్ని దాదాపు తిరగరాసినప్పుడు పెరిగి నాటకానికే ప్రాణమైంది. ఆమెకే ఎందుకు? తెలివైందని, దయగలదని విమర్శకులు చెబుతూ వచ్చారు. నాకు తోచే కారణం ఇంకొకటి. ఆ నాటకంలో తన ధర తాను చెప్పుకోగల స్త్రీ ఆమె ఒక్కతే. సుబ్బి ధర తండ్రి చెబుతాడు. బుచ్చమ్మ, మీనాక్షి విధవలు, వాళ్లకు సంతలో ధరే లేదు. తన సొమ్ము, తన కంటె, తన ఇల్లు తన చేతిలో ఉన్న మనిషి కాబట్టే ఆమె గిరీశాన్నీ రామప్పంతులునీ నిలదీయగలిగింది. చివరికి ఆమెను చంపకుండా, పెళ్లిచేయకుండా, సౌజన్యారావు పంతులు చేత భగవద్గీత ఇప్పించి పంపారు గురజాడ. ఆ గీతను సంస్కర్తల ఉపదేశమని విసుక్కోవచ్చు. కానీ బుచ్చమ్మను పూనా శరణాలయానికి పంపే నిర్ణయం పంతులు చేసినట్టు, మధురవాణి ఎక్కడికి పోవాలో ఎవరూ నిర్ణయించలేదు.

పుస్తకంలోని మధురవాణికి దక్కిన ఈ మర్యాద బయటి మధురవాణులకు దక్కలేదు. రెండో ముద్రణ వచ్చిన మరుసటి ఏడాది, 1910లో, దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను పరిష్కరించి అచ్చువేయించారు. ముద్దుపళని తంజావూరు కొలువులోని కవయిత్రి. ఆ కావ్యంలోని శృంగారాన్ని అంతకుముందే వీరేశలింగం తప్పుపట్టి ఉన్నారు. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి టంగుటూరి ప్రకాశం ప్రధాని అయ్యేదాకా ఆగవలసి వచ్చింది. మగ రచయిత కల్పించిన వేశ్య మాట్లాడితే తెలుగు సమాజం చప్పట్లు కొట్టింది. ఆ కులంలో పుట్టిన స్త్రీ తానుగా నోరు విప్పితే పుస్తకాన్ని జప్తు చేసింది. ఈ రెంటి మధ్యా రెండేళ్ల ఎడం మాత్రమే.

1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో ‘కన్యాశుల్కం’ సినిమా వచ్చింది. మధురవాణిగా సావిత్రి, గిరీశంగా ఎన్టీ రామారావు. అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే, 1947లో, మద్రాసు రాష్ట్రం దేవదాసీల అంకితాన్ని నిషేధించింది. చట్టం ఆ వ్యవస్థను మూసేసింది. ఆ వ్యవస్థలోని స్త్రీల ఆస్తి, విద్య, నాట్యం ఏమయ్యాయన్నది వేరే చరిత్ర. సినిమాకు మాత్రం వేశ్య పాత్ర అవసరం తీరలేదు. సావిత్రి కళ్లలోని ఆ కొంటెతనాన్ని, ఆ తెలివిని తర్వాతి సినిమా కొనసాగించి ఉంటే బాగుండేది. కానీ తర్వాత మనం ఎక్కువగా చూసింది హీరో కోసం కరిగిపోయే వేశ్యను, త్యాగం చేసి తప్పుకునే వేశ్యను, చివరి రీలులో కత్తిపోటుకు అడ్డుపడి హీరో ఒడిలో కన్నుమూసే వేశ్యను. మధురవాణి మంచి మనసు సినిమాకు నచ్చింది. ఆమె లెక్క తెలిసినతనం నచ్చలేదు.

ఇంతవరకూ చెప్పిన దాంట్లో మా ఊరి ఆడవాళ్లలో చాలామంది లేరు. మహారాజు జాబితా బ్రాహ్మణ కుటుంబాలది. చెరుకు తోటల్లో, వరి మళ్లల్లో పనిచేసే కులాల్లో ఓలి ఉండేది, కానీ దాని అర్థం వేరు. చాలా కులాల్లో మారుమనువుకు అడ్డు లేదు. సంస్కరణోద్యమం ‘స్త్రీ సమస్య’ అని పిలిచిన దాంట్లో వీళ్ల కూలి, ఆకలి, దెబ్బలు లేవు. వీళ్లు కథల్లోకి రావడానికి ఇంకో తరం పట్టింది. విజయనగరానికే చెందిన చాసో ‘కుంకుడాకు’లో గవరమ్మ వచ్చింది. బడికి పోవలసిన వయసులో ఆకులేరుకునే పిల్ల, దెబ్బ తిని కూడా నోరు మూసుకోని పిల్ల. 1960లలో రావిశాస్త్రి సారా కథల్లోని ‘మాయ’లో ముత్యాలమ్మ వచ్చింది. కేసులో ఇరుక్కున్న ఆ సారా మనిషి, చట్టం ఎవరి కోసం ఎలా పనిచేస్తుందో పడుచు ప్లీడరుకే పాఠం చెబుతుంది. సుబ్బికి దొరకని మాట గవరమ్మకు దొరికింది. మధురవాణి తెలివి ముత్యాలమ్మకు వచ్చింది, కంటె మాత్రం రాలేదు. ఇద్దరూ మాట్లాడింది మా వైపు భాషలోనే.

ఆ భాషను సినిమా, టీవీ ఏం చేశాయి? చాలాకాలం పనిమనిషికీ హాస్యగత్తెకూ ఇచ్చాయి. కథానాయిక ఏ ఊరిదైనా ఆమె నోట ఉత్తరాంధ్ర యాస వినబడదు. ప్రేమించడానికి ఒక తెలుగు, నవ్వించడానికి ఒక తెలుగు. కె.కోటపాడులో మా పెద్దమ్మ సాయంత్రాలు సీరియల్ చూస్తూ ఒకసారి నాతో అంది: “ఓలమ్మా, ఆ ఇంట్లో అందరూ మాటాడతన్నారు గానీ, ఎవులూ పని సేత్తన్నట్టు లేదే.” పట్టుచీరల కోడళ్ల కుట్రల మీద నేను చదివిన ఏ విమర్శా ఇంత సూటిగా లేదు. పొద్దస్తమానం పొలంలో ఒళ్లు విరుచుకున్న మనిషికి, పని లేని ఆడది నమ్మదగ్గ పాత్రగా కనిపించలేదు. ఆ తెర మీద ఆమె యాసతో మాట్లాడేదల్లా కాఫీ కప్పులు తీసుకుపోయే మనిషే. నిజానికి ఆ ఇంట్లో పని చేస్తున్నదీ ఆ మనిషే. కథ ఆమెది కాదు కాబట్టి పెద్దమ్మ లెక్కలోకి కూడా ఆమె రాలేదు.

2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చినప్పుడు ఈ గోడకు ఒక కన్నం పడింది. విశాఖలోని ఆ పేటలోనే తీసి, నటన వృత్తి కాని మనుషులతో నడిపించిన సినిమా అది. అందులో రాధ నలభై దాటిన ఆఫీసరు. పెద్ద కూతురున్న తల్లి, భర్త పోయిన మనిషి, ఒడియా యాసతో తెలుగు మాట్లాడుతుంది. తన ఆఫీసులోని అటెండరును పెళ్లి చేసుకుందామని తానే అడుగుతుంది. బుచ్చమ్మ పెళ్లి ఎవరితో, ఎప్పుడు అని మగవాళ్లు వాదించుకున్న నేల మీద ఒక వితంతువు తన పెళ్లి మాట తానే ఎత్తడం చిన్న విషయం కాదు. అయినా ఆ సినిమా ఇరుసు రాజు జీవితమే. రాధతో సహా అందులోని స్త్రీలందరూ అతని కథలోని మజిలీలు.

అందుకే నా దృష్టి మళ్లీ ఆ జాబితా మీదికే పోతుంది. పాత్రలు సహజంగా ఉన్నాయా, ఆదర్శంగా ఉన్నాయా అన్న చర్చ మనం చాలా చేశాం. కథ ఎవరి కోసం నడుస్తోందో, అందులో వాళ్లకు మాట ఉందో లేదో అడగడం ఇంకా మిగిలి ఉంది. ఆ ముగ్గురు పసికందుల్లో ఒకరైనా ముసలితనం దాకా బతికి ఉంటే, 1955లో సినిమా హాల్లో కూర్చుని సావిత్రిని చూసి ఉండవచ్చు. తనను ఎంతకమ్మారో ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో. చెబితే ఆమె ఏమని ఉండేది? ఆ మాట రాయడం ఇప్పుడు మన వంతు.