గాజుతొట్టిలో మత్స్యన్యాయము

శతపథబ్రాహ్మణములోని మనువు కథ మనవారిలో పెక్కురు వినినదే. ఉదయమున చేతులు కడుగుకొనుచుండగా దొరకిన చేపపిల్ల, పెద్దచేపలు తమ జాతిలోని చిన్నవానిని మ్రింగివేయును గావున, పెరుగువరకు తన్నొక కుండలో నుంచి కాపాడుమని వేడుకొనగా, మనువు దానిని మొదట కుండలోను, పిదప గోతిలోను పెంచి, తుదకు సముద్రమున విడిచెనట. ప్రళయమును, నౌకను గూర్చి పౌరాణికులు విస్తరించి చెప్పుదురు గాని, నా దృష్టి ఎప్పుడును ఆ కుండమీదనే నిలుచును. చేపకు నీరొసగుట ఎంత ముఖ్యమో, దానిని వేరొక చేపనుండి తప్పించుటయు నంత ముఖ్యమని యెరిగిన తొలి పోషకుడు మనువు. కౌటిల్యుడు దండములేని లోకమునకు ఉపమానముగా మత్స్యన్యాయమునే చూపినాడు.

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపావాసులకు సముద్రమును ఇంటికి దెచ్చుకొనవలెనను కుతూహలము పుట్టినప్పుడు మాత్రము వారిని బాధించినది ఈ న్యాయము కాదు, నీరు మురిగిపోవుటయే. సిసిలీ ద్వీపమందలి మెస్సీనా నగరమున నివసించిన జాన్ విల్‌ప్రో పవర్ అను ఫ్రెంచి విదుషి, ఆర్గొనాట్ అను సముద్రజీవి తన గుల్లను తానే నిర్మించుకొనునా, లేక పరుల గుల్లను అపహరించునా యను వివాదమును తీర్చుటకై 1832వ సంవత్సరమున గాజుపెట్టెలు చేయించి, వానిలో నా జీవులను పెంచి, గుల్ల దాని స్వకీయమేయని నిరూపించెను. ఆమెకు సముద్రము వాకిటనే కలదు. లండనులోని అన్నా థిన్ అను గృహిణికి ఆ సౌకర్యము లేదు. ఆమె 1846లో టార్కీ తీరమున పగడపు జీవులను సేకరించి, రాతిజాడీలో నగరమునకు గొనివచ్చి, ప్రతిదినము ఆ నీటిని తెరచిన కిటికీ యెదుట ఒక పాత్రనుండి వేరొక పాత్రలోనికి అరగంటకు పైగా పోయించి, గాలి సోకునట్లు చేసి, వానిని దాదాపు మూడేండ్లు బ్రతికించెను. పోసినది పనికత్తె; పేరు యజమానురాలిది. చరిత్రలో ఇది కొత్త గాదు.

ఈ శ్రమను తప్పించు మార్గమును రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రవేత్త చూపెను. ఆయన 1849లో రెండు బంగారుచేపలను, వాలిస్నీరియా యను నీటిమొక్కను ఒక పాత్రలో నుంచి, చేపలు విడుచు బొగ్గుపులుసు వాయువు మొక్కకును, మొక్క విడుచు ప్రాణవాయువు చేపలకును ఉపయోగపడుట గమనించెను. మొక్క ఆకులు కుళ్లి నీరు చెడ నారంభింపగా కొలనులోని నత్తలను దెచ్చి విడిచెను. అవి కుళ్లును దినివేసెను. అవి పెట్టిన గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యెను. ఈ వ్యవస్థకు సమతౌల్యమని పేరు వచ్చినది. మాట మనోహరమైనదే గాని, గ్రుడ్డు దశలోనే కడతేరిన నత్తపిల్లల నడిగినచో వారింగ్టన్ గారికి మరియొక మాట దొరకియుండును. ఆ తౌల్యములో మత్స్యన్యాయము మొదటినుండియు నొక భాగస్వామియే. చూచువారికది కనబడలేదు, అంతే.

బ్రిటనులో 1845లో గాజుపై పన్ను రద్దగుటచే పలకలు చౌకయయ్యెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహము తెరువబడెను. దానికి సముద్రజీవులను సమకూర్చినవారిలో నొకడైన ఫిలిప్ హెన్రీ గాస్ మరుసటి యేట అక్వేరియమను పేరుతోనే గ్రంథము వెలువరించెను. ఇక మధ్యతరగతి గృహములలో ఉప్పునీటి తొట్టి లేని ముందుగది లోపముగల దాయెను. పీతను, రొయ్యను, చిరుచేపను ఒకచోట విడిచిన గృహస్థునకు కొన్నాళ్లకు పీత మాత్రమే దర్శనమిచ్చిన, అతడు మరల తీరమునకు బోయి కొత్తవానిని పట్టి తెచ్చుచుండెను. ఈ వేడుక తీరములను ఎట్లు కొల్లగొట్టినదో గాస్ కుమారుడు ఎడ్మండ్, 1907లో వెలువరించిన తన తండ్రి కథలో ఖేదముతో వ్రాసినాడు. తండ్రి రేపిన ఉత్సాహమునకు కుమారుడు దుఃఖించుట!

తరువాతి విద్య పంపులది, గొట్టములది. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ 1871లో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ నందు నిర్మించిన అక్వేరియమున, ప్రదర్శనతొట్ల క్రింద వానికంటె పెద్ద చీకటి జలాశయమునుంచి, నీటిని నిరంతరము త్రిప్పుచుండెను. మన మదరాసులో మెరీనా తీరమున ఎడ్గార్ థర్‌స్టన్ కృషి వలన 1909లో తెరువబడిన సముద్ర అక్వేరియము ఈ పరంపరలోనిదే. కడలి ముంగిటనే నిలిచి గాజులోని కడలిని జూచు వింత భాగ్యము నాటి రాజధానీవాసులైన తెలుగువారికి గూడ లభించినది.

పగడపుదిబ్బనే ఇంట నిలుపవచ్చునని చాటినవాడు జకార్తావాసియైన లీ చిన్ ఎంగ్. జీవముతో గూడిన పగడపురాళ్లను తొట్టిలో నుంచి, సన్నని గాలిబుడగలు తప్ప వేరు వడపోత లేకుండ చేపలను పెంచిన విధానమును 1961లో ఆయన ప్రకటించెను. దానితో నీటి సమస్య చాలవరకు తీరెను. కాని రాళ్లమధ్య చిరుచేపలకు ఇల్లు ఏర్పడిన వెంటనే, పెద్దదానిని గూడ తేవలెనను కోరిక పోషకుని మనస్సున మొలకెత్తెను. ఆ పెద్దది తరచుగా ట్రిగ్గర్ చేపయే.

రోమకులు రాళ్లు విసరు యంత్రమును బల్లిస్టా యనిరి. ఆ మాటను బట్టియే లిన్నేయసు 1758లో ఈ చేపకు బాలిస్టెస్ అను నామము నిచ్చెను. దీని వీపుపై మొదటి ముల్లు నిలిచినప్పుడు రెండవది దానికి గడియవలె అడ్డుపడును. రెండవదానిని క్రిందికి నొక్కినగాని మొదటిది వంగదు. రాత్రి రాతిసందున దూరి, ఆ ముల్లు నిలిపి, ఎవరును లాగలేనంత దృఢముగా నిదురించును. కన్నులు నెత్తికెక్కి, నోటికి దూరముగ నుండుటచే ముళ్లుగల సీ అర్చిన్‌ను నిర్భయముగా సమీపించి, నోట నీటిని చిమ్మి దానిని తలక్రిందు చేసి, మెత్తని భాగమును కొరుకును. పీత డొప్పలను, గుల్లలను పగులగొట్టు ఆ దంతములకు తొట్టిలోని రొయ్యలు ఒక లెక్కగావు.

అయినను జాతియంతయు నొకటిగాదు. ఎర్రని పళ్లుగల నీలవర్ణపు నైజర్ ట్రిగ్గర్ హిందూమహాసముద్రపు దిబ్బలమీద గుంపులుగా తిరుగుచు ప్రవాహమున వచ్చు సూక్ష్మజీవులను ఎక్కువగా భక్షించును. దానితో చిరుచేపలు కొంత క్షేమముగా నుండవచ్చును. అండ్యులేటెడ్, టైటన్ ట్రిగ్గర్లను నమ్మరాదు. పిల్లగా నున్నప్పుడు మాసములకొలది సాధువుగా మెలగి, ఎదిగిన పిమ్మట ఒకనాడు తొట్టియంతయు తనదేయని ప్రకటించు ట్రిగ్గర్లు గలవు. దిబ్బమీద చిన్నచేప పారిపోవుటకు మైళ్లకొలది నీరు గలదు. గాజుతొట్టిలో నాలుగు మూలలు మాత్రమే గలవు. లాయిడ్ పంపుగాని, లీ రాళ్లుగాని ఐదవ మూలను సృష్టింపజాలవు.

అందుచేత అనుభవజ్ఞులు మొదట చిరుచేపలను విడిచి, అవి తమ సందులు తాము కుదుర్చుకొనిన పిమ్మటనే ట్రిగ్గరును తెత్తురు. తెచ్చినదానిని వెంటనే వదలరు. రంధ్రములుగల చిన్న పెట్టెయొకటి తొట్టిలోనే వ్రేలాడదీసి, కొన్నిదినములు దానిలో నుంతురు. లోపలినుండి అది వెలుపలి చిరుచేపలను, వెలుపలినుండి అవి దానిని చూచుచుండును. మనువు కుండ మరల వచ్చినది. కాకపోతే ఈసారి అందులోనిది పెద్దచేప.