మట్టి మిద్దె నుంచి స్లాబు దాకా

చౌడేపల్లెలో ఎండాకాలం పగలు ఎంత కాల్చినా, పొద్దుగూకి నాలుగు గడియలయ్యేసరికి గాలి తిరుగుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అంతా సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైనున్న మెరక సీమ. నెల్లూరులోనో విజయవాడలోనో ఉన్నట్టు రాత్రంతా ఉక్కపోత ఇక్కడ ఉండదు. మా పెద్దలు ఇళ్లు కట్టింది ఈ రాత్రి చల్లదనాన్ని నమ్ముకునే. తాపీ పట్టి బతికినవాణ్ణి గనక చెబుతున్నాను: ఇల్లు కట్టబోయేవాళ్లు గోడ గురించి వంద అడుగుతారు. ఏ ఇటుక, ఎన్ని అంగుళాలు, ఏ సిమెంటు అని. కప్పు గురించి అడిగేవాళ్లు తక్కువ. ఒక్క అంతస్తు ఇంట్లోకి ఎండ వేడి ఎక్కువగా దిగేది కప్పు మీద నుంచే.

తాతల నాటి మట్టి మిద్దె చూడండి. రాళ్లూ మట్టీ కలిపి పెట్టిన అడుగున్నర, రెండడుగుల గోడ. దాని మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద పుల్లలూ ఆకూ పరిచి, తడి మట్టి మెత్తి, అన్నిటికీ పైన చవుడు. పైరు పండని ఆ ఉప్పు నేల మట్టి మిద్దెకు ఎందుకు పనికొస్తుందంటే, వాన పడగానే దాని సన్నని రేణువులు విడిపోయి సందుల్లోకి చేరి మూసేస్తాయి. నీళ్లు కిందికి దిగవు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు పోసేవాళ్లు. అంత మందం మట్టిని దాటి లోపలికి రావడానికి ఎండకు ఇంచుమించు అర్ధరోజు పట్టేది. వచ్చేసరికి బయట చల్లగాలి ఆడుతుండేది. మిద్దె నడుమ గవాచి తెరిస్తే పైకి చేరిన వేడి అందులోంచి పోయేది. గాటిపాటలో పశువులు, పక్కనే మనుషులు, అందరికీ అదే నీడ. ఆ ఇళ్లలో వెలుతురు తక్కువ, చెదలు ఎక్కువ. ముసురు పట్టి వారం వదలకపోతే ప్రాణభయం కూడా. 2021 నవంబరులో రాయలసీమను ముంచిన వానలకు నానిన మట్టి మిద్దెలు కూలాయి. కాబట్టి వాటికి తిరిగి పోదామని నేను అనను.

కాల్చిన ఇటుక ఇల్లు చాలాకాలం కలిగినవాళ్లదే. చెరువులో నీళ్లు ఇంకాక ఒండ్రు తవ్వి, నానబెట్టి, కాళ్లతో తొక్కి, చెక్క అచ్చుల్లో కొట్టి, ఆరినదాన్ని బట్టీ పేర్చాలి. దానికి బండ్లకొద్దీ కట్టెలు కావాలి. ఇటుక మంచిదో కాదో తెలియాలంటే రెండు తీసుకుని ఒకదానికొకటి తాకించండి. ఖంగుమంటే కాలినట్టు, మొద్దుగా పలికితే లోపల పచ్చి. గోటితో గీస్తే గీత పడకూడదు.

ఇటుకతో మా వైపు కట్టిన వాటిల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది మద్రాసు మిద్దె. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు పుంగనూరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. రెండూ మద్రాసు రాజధాని కిందివే. ఆ రాజధాని అంతటా కచేరీలకూ బంగళాలకూ పెద్దవాళ్ల ఇళ్లకూ వేసిన కప్పు ఇది. టేకు వాసాలు దగ్గర దగ్గరగా పరుస్తారు. వాటి మీద అంగుళం మందం సన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి సున్నంతో కడతారు. కింద సెంట్రింగు ఉండదు. పక్క ఇటుకను పట్టుకునే ప్రతి ఇటుకా నిలవాలి. అందుకే మూల నుంచి మొదలుపెట్టి ఐమూలగా పోతారు. చేతిలో ఇటుకకు గానుగ సున్నం పూసి, ముందు ఇటుకకు ఆనించి ఒక్క నొక్కు నొక్కి వదిలితే అది అక్కడే ఆగిపోవాలి. నాయన చేతిలో ఆగేది. నాకు ఆ పని అబ్బడానికి చాలాకాలం పట్టింది.

అది ఆరాక పైన ఇటుక జల్లీ, సున్నం కలిపి మూడు నాలుగంగుళాల పొర. ఆడవాళ్లు వరుసగా కూర్చుని, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చిలకరిస్తూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. కొట్టిన చెక్క తిరిగి పైకి ఎగిరితేనే పొర గట్టిపడినట్టు లెక్క. దాని మీద పలక పెంకులు. ఇటుక, సున్నం, మళ్లీ ఇటుక, ఇన్ని పొరలు దాటి వేడి దిగేసరికి పొద్దు వాలిపోయేది. ఆ కప్పు గట్టిదనంలో సగం ఆ కూలి ఆడవాళ్ల రెక్కల కష్టం. ఏ శిలాఫలకం మీదా వాళ్ల పేరు లేదు.

ఈ సీమ గాలిని వైద్యులు కూడా నమ్ముకున్నారు. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యాన క్షయ శానటోరియం తెరిచారు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా మూడు దశాబ్దాలుంది. అప్పటిదాకా చికిత్సంటే మంచి గాలి, విశ్రాంతి, తిండి. రోగికి గాలి ఆడనిచ్చే కట్టడమే మందులో భాగం.

పెంకులకు వేరే చరిత్ర ఉంది. 1865లో బాసెల్ మిషన్‌కు చెందిన జర్మన్, జార్జ్ ప్లెబ్స్ట్, మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టాక ఆ పెంకులు దక్షిణాదంతా పాకాయి. పెంకుటింట్లో సందుల్లోంచి వేడి పోతుంది గానీ మిట్టమధ్యాహ్నం పెంకే కాలుతుంది. కింద అటక ఉంటేనే సుఖం.

ఆ తరువాత స్లాబు వచ్చింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది, పక్కా ఇళ్ల పథకాలు వచ్చాయి. బోదకొట్టంలో నిప్పుకు భయపడి, వానకు తడిసి బతికిన కుటుంబానికి స్లాబు పడిన రోజు పండగే. ఆ గౌరవాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే నాలుగైదంగుళాల కాంక్రీటును ఎండ మూడు గంటల్లో దాటేస్తుంది. మధ్యాహ్నం మింగిన వేడిని సాయంత్రం నుంచి నడిరేయి దాకా మంచం మీదికి దించుతూనే ఉంటుంది. "బయట చలిగాలి కొడతావుంటే లోపల పండుకోలేకపోతావుండామన్నా" అని నేను కట్టిన ఇంటి ఆమే నాతో అంది. ఊరికి దేవుడిచ్చిన రాత్రిని ఇంట్లోకి రానివ్వని కప్పు అది.

దారులు లేకపోలేదు. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో ఇటుకలను అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలి తొమ్మిదంగుళాల గోడ కట్టించాడు. పాతిక శాతం దాకా ఇటుక మిగులుతుంది, లోపలి గాలి వేడిని అడ్డుకుంటుంది. స్లాబులో కింది భాగాన పాత పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించే పద్ధతినీ ఆయనే వ్యాప్తి చేశాడు. మనకు దగ్గరలోనే, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో 1974లో మొదలైన ఆస్ట్రా అనే పరిశోధన విభాగం, కాల్చే పనిలేని, సిమెంటు కొద్దిగా కలిపి అదిమిన మట్టి దిమ్మెల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. మా బట్టీ ఇటుకతో బేకర్ గోడ కట్టడం కష్టం. అంచులు వంకర పోయి ఉంటాయి, వరుస నిలవదు. ఏరి ఏరి కట్టాలి, కూలి పెరుగుతుంది. అయినా పడమటి గోడ వరకైనా అట్లా కట్టించుకోమని చెబుతాను. మధ్యాహ్నం ఎండ దెబ్బంతా ఆ గోడకే.

ఇల్లు కట్టేసినవాళ్లకు సున్నం ఉంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానమే తెచ్చింది. తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది, కింద రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. స్లాబును చీపురుతో ఊడ్చి, కడిగి, తడి ఆరకముందే పని మొదలుపెట్టాలి. కొత్తగా విరిసిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి, పట్టు కోసం చిక్కటి గంజి కలిపి, మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. వానలకు కడుక్కుపోతుంది గనక ప్రతి ఏడూ ఉగాదికి ముందే వేసుకోవాలి. ఖర్చు ఒక మనిషి కూలీ, ఒక మూట సున్నమూ.