కాలయంత్రమూ, రాయలవారి కొలువూ

బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడికి సినిమాలతో పనేమిటని మీరు అడగవచ్చు. నేను చెప్పబోయేది సినిమాను గురించి కన్నా దానిని చూసిన జనాన్ని గురించి. ఒక కొత్త తరహా కథ తెరకెక్కినప్పుడు మనవాళ్ళు దానిని ఎట్లా స్వీకరించారన్నది కూడా చరిత్రే. చూసినవాళ్ళు వ్రాసిపెట్టకపోతే ఆ చరిత్ర నిలవదు.

1991 జూలై 18న 'ఆదిత్య 369' విడుదలయింది. దర్శకులు సింగీతం శ్రీనివాసరావుగారు, సంభాషణలు జంధ్యాలగారివి, సంగీతం ఇళయరాజాగారిది. కథానాయకుడు ఒక యంత్రమెక్కి 1526వ సంవత్సరంలోని విజయనగరానికీ, అక్కడి నుండి 2504వ సంవత్సరానికీ పోతాడు. నాకప్పుడు ముప్పయి రెండేళ్ళు. పండిత శిక్షణ ముగించి ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. రాయలవారి భువనవిజయానికి యంత్రంలో పోవడమేమిటని నవ్వుకున్నాను, కొంత చిరాకూ పడ్డాను. అయినా తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ అదే చెప్పుకుంటూ ఉంటే, ఒక ఆదివారం వెళ్ళి చూశాను.

యంత్రం కదలగానే హాలంతా నిశ్శబ్దమయింది. నా వెనక వరుసలో ఒక రైతు పక్కవాడిని, "ఇది ఎట్లా పోతుందిరా?" అని అడిగాడు. "నారదుడు పోవట్లా? అట్లాగే" అన్నాడు పక్కవాడు. రైతుకు ఆ సమాధానం చాలింది. రాయలవారు సభలో కనబడగానే ఈలలు మిన్నుముట్టాయి. 2504 వచ్చేసరికి మాత్రం సందడి తగ్గింది. ఇద్దరు ముగ్గురు సోడాకోసం బయటికి లేచారు కూడా. ముందు వరుసల్లోని పిల్లలు మాత్రం కదలలేదు.

ఆ పక్కవాడి మాట నాలో చాలాకాలం ఉండిపోయింది. 1968 ఏప్రిల్‌లో అమెరికాలో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' వచ్చినప్పుడు తొలి ప్రదర్శనలలో చాలామంది మధ్యలోనే లేచిపోయారు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ సుమారు 19 నిమిషాల భాగం కత్తిరించవలసి వచ్చింది. తరువాత యువకులు దానిని నెత్తిన పెట్టుకున్నారు. మన కాలయంత్రానికి అంతటి ఎదురుగాలి తగలలేదు. దానికి కారణం, తెలియని చోటికి అది తెలిసిన వాకిలి గుండా తీసుకువెళ్ళడమేనని నాకు తోస్తుంది.

ఆ వాకిలి చాలా పాతది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో శశిరేఖ ఒక పెట్టె తెరిచి దూరాన ఉన్న అభిమన్యుణ్ణి చూస్తుంది. ఆ ప్రియదర్శినిని ఎవరూ ఎట్లా సాధ్యమని అడగలేదు. ఆ చిత్రానికి కె.వి.రెడ్డిగారి దగ్గర సహాయకుడిగా పనిచేసినవారే సింగీతంవారు. ఇక ఆ శశిరేఖ తల్లి రేవతి కథ భాగవతం నవమస్కంధంలో ఉంది. కకుద్మి తన కూతురు రేవతిని వెంటబెట్టుకుని, ఆమెకు తగిన వరుణ్ణి అడుగుదామని బ్రహ్మలోకానికి పోయాడు. అక్కడి గానం ముగిసేదాకా ఆగాడు. ఆ కాస్తలోనే భూమిమీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి. తిరిగి వచ్చి కూతురిని బలరాముడికిచ్చాడు. అంటే, ప్రియదర్శినిని తెరిచిన పిల్ల తల్లే ఒక కాలయాత్రికురాలు! ఇటువంటి కథలు విని పెరిగిన జనానికి యంత్రం వింత కావచ్చు గాని, ప్రయాణం వింత కాదు.

అయితే నా ఈ వాదానికి ఒక లోపముంది. దానిని చూపినవాడు వెనక బల్ల కుర్రవాడు. మరునాడు రాయలయుగం పాఠం చెబుతుండగా లేచి, "మాష్టారూ, 1526 నుంచి తళ్ళికోట యుద్ధానికి ఎన్నేళ్ళండీ?" అన్నాడు. 1565 కాబట్టి ముప్పైతొమ్మిది అన్నాను. "మనం ఆ యంత్రంలో పోతే రాయలవారికి ముందే చెప్పాలా, వద్దా? చెబితే హంపి మిగిలేదా?" అన్నాడు. తరగతి నవ్వింది. "సినిమా కబుర్లు ఇంటి దగ్గర. పాఠం చూడు" అని కసిరి కూర్చోబెట్టాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను రాయలయుగాన్ని అష్టదిగ్గజాల పేర్ల పట్టికగా చెబుతున్నాను. ఆ నగరం ముందు ముప్పైతొమ్మిదేళ్ళే మిగిలి ఉన్నాయన్న స్పృహ నా పాఠంలో ఏనాడూ లేదు. కకుద్మి కథలో జరిగినది మారదు. ఆయన తలవంచి తిరిగివస్తాడు. కాలయంత్రం కథ మాత్రం, తెలిసినవాడు ఏం చేయాలని అడుగుతుంది. నారదుడితో సరిపెట్టుకున్న పెద్దలకు తట్టని ఆ ప్రశ్న పిల్లవాడికి తట్టింది. మరునాడు పుస్తకం మూసి, అదే ప్రశ్న తరగతికి వేశాను. గంట కొట్టేదాకా వాదించుకున్నారు. కసిరినందుకు మాత్రం ఆ కుర్రవాడికి క్షమాపణ చెప్పలేదు. ఆ కాలపు ఉపాధ్యాయులకు ఆ అలవాటు లేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

2024 జూన్‌లో 'కల్కి 2898 ఎ.డి.' చూసినప్పుడు కూడా నా చుట్టూ ఎక్కువ ఈలలు కురుక్షేత్రానికే పడ్డాయి. 2025 ఏప్రిల్ 4న 'ఆదిత్య 369' మళ్ళీ విడుదలయితే మనుమణ్ణి తీసుకువెళ్ళాను. నడివయసువాళ్ళు సంభాషణలను తెరకన్నా ముందే అంటున్నారు. వాళ్ళు వచ్చింది తమ బాల్యాన్ని చూసుకోవడానికి. మనుమడు మాత్రం రాయలవారి సంగతి అడగలేదు. బయటికి వచ్చాక, "తాతయ్యా, 2504లో వాళ్ళు భూమికింద ఎందుకుంటున్నారు? మనం ఇప్పుడు ఏమైనా చేస్తే పైన ఉండవచ్చా?" అన్నాడు.

ముప్పైనాలుగేళ్ళ క్రితం మేము సోడాకు లేచిపోయిన భాగమది. ఈసారి కసరలేదు. ఇంటికి నడుస్తూ, అణుబాంబుల దగ్గర మొదలుపెట్టి, తెలిసినంతవరకు చెప్పాను.

మీ ఊళ్ళో ఆ రోజు ఈలలు ఎక్కడ పడ్డాయో, ఎవరు ఏమడిగారో గుర్తుంటే మీరూ వ్రాయండి.