వింజమూరి అనసూయాదేవి

వింజమూరి అనసూయాదేవి (1920 మే 12 – 2019 మార్చి 23) జానపద, లలిత సంగీత గాయని, స్వరకర్త. స్వస్థలం కాకినాడ. పేరు తెచ్చిన ఊరు మద్రాసు. చివరి రోజులు గడిచింది అమెరికాలో.

తండ్రి వెంకట లక్ష్మీనరసింహారావు పండితుడు, రంగస్థల నటుడు. తల్లి వెంకటరత్నమ్మ కాకినాడ నుంచి 'అనసూయ' అనే స్త్రీల పత్రిక నడిపారు. కూతురి పేరూ అదే. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆమెకు మేనమామ. ఎనిమిదేళ్ళ వయసుకే అనసూయ పాట గ్రామఫోను రికార్డుకెక్కింది. సంసారుల ఇంటి ఆడపిల్ల నలుగురిలో పాడితే నొసలు ముడిపడే రోజులవి.

చెల్లెలు సీతాదేవితో కలిసి పాడటంతో 'అనసూయ–సీత' అన్నది ఒకే పేరుగా స్థిరపడింది. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో వచ్చేదాకా ఆంధ్ర జిల్లాల శ్రోతలకు మద్రాసే దిక్కు. అక్కాచెల్లెళ్ళ గొంతులు చాలా ఇళ్ళకు చేరింది ఆ దారినే.

వారు పాడిన జానపదం పుట్టింది పనిలో. గోదావరి చేలల్లో ఊడ్పు పాటను ఒకరు అందిస్తే తక్కినవారు అందుకుంటారు. నడుం వంచి వెనక్కి వేసే అడుగే దాని లయ. దంపుడు పాటకు రోకటిపోటే తాళం. అలాంటి పాటను హార్మోనియం పక్కన కూర్చోబెట్టి కచేరీలో పాడితే పని వెనక్కి తగ్గి రాగం ముందుకొస్తుంది. అది నష్టమే. కానీ రైసు మిల్లు వచ్చాక రోకలి ఎలాగూ మూలపడింది. వరసైనా మిగలాలంటే దానికి ఇంకో చోటు కావాలి. అనసూయాదేవి ఆ చోటు చూపించారు. 'మొక్కజొన్న తోటలో' కొనకళ్ళ వెంకటరత్నం రాసిన గేయం. ఈ సోదరీమణుల నోట విని అసలు సిసలు పల్లెపాటే అనుకున్నవాళ్ళు ఎందరో. కృష్ణశాస్త్రి 'జయ జయ ప్రియభారత' గీతానికి వరస కట్టింది తానేనని ఆమె చెప్పేవారు.

సీతాదేవి ఆకాశవాణిలో పనిచేశారు. 'మా భూమి' చిత్రానికి సంగీతం కూర్చినవారిలో ఒకరు.

అనసూయాదేవి ప్రవాసం కఠినమైనది కాదు. పెద్ద వయసులో ఆమె చేరిన హ్యూస్టన్, కూతురు రత్నపాప కూచిపూడి నేర్పుతున్న ఊరే. అయినా ఊడ్పులూ ఏతాలూ ఎరగని పిల్లల ముందు ఆ పాట పాడాలంటే, ముందు ఆ పని ఏమిటో చెప్పాలి. పాటలు పుస్తకాల్లోకి ఎక్కవలసిన అవసరం అక్కడే తెలుస్తుంది.

'జానపద గేయాలు', 'భావగీతాలు' ఆమె సంపుటాలు; 'అసమాన అనసూయ' ఆత్మకథ. పేరులోని ఆ ధీమాకు సంజాయిషీ ఇవ్వవలసిన పని లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. హ్యూస్టన్‌లో కన్నుమూసేనాటికి ఆమె వయసు 98 ఏళ్ళు.