ప్రాణహిత ఒడ్డున బొక్కలు

మా దివిసీమలో రాయి పుట్టదు. అవనిగడ్డ చుట్టుపక్కల ఎక్కడ గునపం దించినా పైన నల్లమట్టి, దాని కింద బంక, ఇంకా దిగితే ఇసక, గుల్ల. చిన్నప్పుడు మామిడికాయలు కొట్టడానికి రాయి దొరక్క ఎండిన మట్టిగడ్డలు విసిరేవాళ్లం. అవి కొమ్మకు తగిలి మా నెత్తిమీదే రాలేవి. ఇంటి పునాదికి రాయి కావాలంటే బెజవాడ వైపు నుంచి రావాల్సిందే. కొండంటే ఏమిటో నేను మొదటిసారి చూసింది ఎనిమిదో ఏట, కనకదుర్గమ్మ దర్శనానికి వెళ్లినప్పుడు. అలాంటి ఊరివాణ్ణి, ముప్ఫై మూడేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ వయసులో రాళ్ల గురించి రాస్తున్నానంటే తప్పు మా అబ్బాయిది.

వాడు కెనడాలో, కాల్గరీలో ఉంటాడు. రెండేళ్ల కిందట మేం వెళ్లినప్పుడు ఒకరోజు టూరు బస్సెక్కించి డ్రమ్‌హెల్లర్ చూపించాడు. ఎటు చూసినా మన డెల్టాలాగే చదునైన పొలాలు. బస్సు పోతూ పోతూ ఉండగా ఒక్కసారిగా నేల విరిగిపడినట్టు లోయ వచ్చింది. గట్లన్నీ చారలు చారలుగా బూడిదరంగు, ఇటికరంగు. వానకు కోసుకుపోయి, పుట్టలు పుట్టలుగా నిలబడి ఉన్నాయి. నడవడానికీ దున్నడానికీ పనికిరాని ఇలాంటి నేలను వాళ్లు బ్యాడ్‌లాండ్స్ అంటారు. 1884లో జోసెఫ్ టిరెల్ అనే సర్వే ఉద్యోగి ఆ లోయలో బొగ్గు కోసం వెతుకుతూ డైనోసార్ పుర్రెను చూశాడట. 1985లో అక్కడ తెరిచిన మ్యూజియానికి ఆయన పేరే పెట్టారు. గైడు అందరినీ మీదే దేశమని అడుగుతూ మా దగ్గరికొచ్చింది. ఇండియా అన్నాను. "మీకూ చాలా ఉన్నాయి కదా డైనోసార్లు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ముప్ఫై మూడేళ్లు ఎడతెగకుండా వాగిన నోరు అక్కడ మూతపడింది.

తిరిగొచ్చాక సింగరేణిలో పనిచేసే మా పాత శిష్యుడికి ఫోన్ చేశాను. "మాస్టారూ, మంచిర్యాల రండి, ఒక్కరోజులో చూపించి పంపిస్తా" అన్నాడు. జనవరిలో నేనూ మా బావమరిదీ బెజవాడలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి మంచిర్యాలలో దిగాం. శిష్యుడు కారు పెట్టాడు. చెన్నూరు, కోటపల్లి దాటి ప్రాణహిత వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు మహారాష్ట్ర. ఊరు సిరోంచ.

సిరోంచలో బోర్డులన్నీ మరాఠీ, మాటలన్నీ తెలుగు. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. వాళ్లు ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి కట్టి సిరోంచను దానికి ముఖ్యపట్టణం చేశారు. పద్నాలుగేళ్లకు ఆ జిల్లాను ఎత్తేసి ఊరిని చాందా జిల్లాలో కలిపారు. జిల్లాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, ఇళ్లలో భాష మాత్రం మారలేదు. ఎదురుగా నది దాటితే కాళేశ్వరం.

అటవీశాఖ వాళ్ల వడదం శిలాజాల పార్కు చూపించడానికి మాకు దొరికిన గైడు ఆ ఊరి కుర్రాడే. కారు దిగగానే చెయ్యి చాపి, "గీ దిక్కంత బొక్కలే సార్" అన్నాడు. మా బావమరిది చటుక్కున కిందికి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. మా కృష్ణాజిల్లాలో బొక్కంటే కన్నం. పీత బొక్క, ఎలక బొక్క. గట్టు మీద చూసుకోకుండా కాలేస్తే మడమ బెణుకుతుంది. ఈ కుర్రాడికి బొక్కంటే ఎముక. సంగతి తెలిశాక ముగ్గురం నవ్వుకున్నాం కానీ, ఆ పూటంతా బావమరిది చూసుకునే అడుగేశాడు.

డ్రమ్‌హెల్లర్ చూసిన కళ్లకు ఈ నేల మొదట ఆనదు. లోయలు లేవు, రంగుల గోడలు లేవు. టేకు చెట్లు, పత్తి చేలు, మధ్యలో వాగు కోసిన చోట ఎర్రటి బంకమట్టి. కానీ చూడాల్సింది ఆ ఎర్రమట్టినే. ఒక్కో వానకు కాస్త కాస్త కరిగి, లోపలున్నదాన్ని బయట పెడుతుంది. వానాకాలం పోయాక వాగుగట్లు చూసుకుంటూ పోతే అప్పుడప్పుడూ ఏదో ఒకటి తేలి ఉంటుందట.

ఇక్కడి సంగతి బయటి ప్రపంచానికి మొదట చెప్పింది చేపలు. సిరోంచకు ఎగువన ప్రాణహిత ఒడ్డునే కోట అనే పల్లె ఉంది. అక్కడి సున్నపురాతి పలకల మధ్య అచ్చుపడిన చేపకు 1851లోనే లండన్‌లో లెపిడోటస్ డెక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. పింగాణీ పూసినట్టు గట్టి పొలుసుల చేప. కొర్రమీను పొలుసు ఊడదీయడమే గగనమనుకునే మావాళ్లకు ఈ చేప దొరికి ఉంటే ఏ గొడ్డలితోనో తోమేవాళ్లు. ఆ రోజుల్లో నాగపూర్‌లో స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లండ్ మిషనరీ ఉండేవాడు. బడి నడుపుతూ, మతం చెబుతూ, తీరిక దొరికితే శిలాజాలు ఏరుకునేవాడు. 1863లో ఆయన ఒక వాగు దాటుతూ నీళ్లలో పడి చనిపోయాడు. ఆదిలాబాద్ వైపు మలేరి ఎర్రమట్టిలో దొరికిన, మొసలిలాంటి మూతి ఉన్న జంతువుకు తర్వాత ఆయన పేరు కలిపారు, పారాసూకస్ హిస్లాపి అని. మలేరిలోనే చిలకముక్కు లాంటి మూతి ఉన్న మరో జంతువు కూడా దొరికింది. దాని చుట్టం అప్పటికే స్కాట్లండ్‌లో, ఎల్గిన్ రాళ్లలో దొరికి ఉంది. ఖండాలన్నీ ఒకప్పుడు ఒకే ముద్ద అనే మాటను ఇంకా ఎవరూ పెద్దగా పట్టించుకోని కాలమది.

ఆ తర్వాత వచ్చినవాడు విలియం కింగ్. సింగరేణి పాత కార్మికులు ఎవరినైనా అడగండి, కింగ్ సీమ్ అంటే తెలియనివాళ్లు ఉండరు. 1872 ప్రాంతంలో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన సర్వే ఉద్యోగి ఆయనే, ఆ బొగ్గు పొరకు ఆయన పేరే మిగిలింది. 1881లో ప్రాణహిత-గోదావరి లోయ మొత్తానికి భూగర్భ వివరాల పుస్తకం రాశాడు. టిరెల్ లాగే ఈయనా బొగ్గు కోసం బయల్దేరినవాడే. అది యాదృచ్ఛికం కాదని శిష్యుడు మంచిర్యాలలోనే చెప్పుకొచ్చాడు. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ నేల పొడుగునా చీలి, మధ్యభాగం కుంగింది. ఆ పల్లంలోకి నదులు మట్టి తెచ్చి పోస్తూనే ఉన్నాయి. అడుగు పొరల్లో బొగ్గు. దానిపైన మలేరి ఎర్రమట్టి, సుమారు 22 కోట్ల ఏళ్లది. ఆపైన కోట రాళ్లు, సుమారు 18 కోట్ల ఏళ్లవి. సింగరేణి బొగ్గు, ఈ కుర్రాడి బొక్కలు ఒకే గరిసెలో అడుగున ఒకటి, పైన ఒకటి పోసిన పంటలు.

ఇక్కడ దొరికిన పెద్ద డైనోసార్ కథలో నాకు నచ్చిందేమిటంటే, దాన్ని తవ్వినవాళ్లు లెక్కల సంస్థవాళ్లు. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్‌కు ఏ శాస్త్రమైనా తన లెక్కల్లోకి రావాలనే పట్టుదల. ఆయన 1957లో లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిపించాడు. ఆమె దగ్గర తయారైన కుర్రవాళ్లు ఈ లోయంతా కాలినడకన గాలించారు. సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర వాళ్లకు దాదాపు 300 ఎముకలు దొరికాయి, తక్కువలో తక్కువ ఆరు జంతువులవి. తొడ ఎముక ఒక్కటే మనిషంత పొడుగు. తవ్వకం మొదలైన 1961 ఠాగూర్ శతజయంతి సంవత్సరం. ఆ డైనోసార్‌కు బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టి 1975లో ప్రకటించారు. బెంగాలీలో బొడో పా అంటే పెద్ద కాలు. కాలు తెలుగు పల్లెది, పేరు బెంగాలీది. నాకు కాస్త ఉక్రోషంగానే ఉంది, ఒప్పుకుంటాను. ఎముకలన్నీ కూర్చి, 1977లో జరిగిన గోండ్వానా సదస్సు నాటికి కలకత్తాలో నిలబెట్టారు. 1977 అనగానే మావైపు వాళ్లకు గుర్తొచ్చేది వేరు. దాని దగ్గరికి వస్తాను.

తెలుగు పేరు దక్కింది రెండోదానికి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియొలాజికల్ సర్వే వాళ్లు పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకలు తీశారు. పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. కోట, యామన్‌పల్లి రెండూ అందులో ఉన్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో 2000లో డైనోసారియం తెరిచి దాన్ని నిలబెట్టారు. ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. 2004లో మా స్కూలు పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కు అక్కడికి తీసుకెళ్లింది నేనే. తలలు లెక్కపెట్టుకోవడంలో మునిగి, అదేదో అమెరికా నుంచి తెప్పించిన బొమ్మ అనుకుని, బోర్డు చదవకుండా నలభైమందిని దాటించేశాను.

మా నేలకూ ఈ లోయకూ సంబంధం లేదనుకోవద్దు. ఆ కుంగిన పల్లం ఆగ్నేయంగా రామగుండం, మణుగూరు, సత్తుపల్లి మీదుగా చింతలపూడి దాకా సాగి, అక్కణ్ణుంచి కృష్ణా గోదావరి డెల్టాల మట్టికింద దూరిపోతుంది. మావైపు చేలల్లో ఓఎన్‌జీసీ వాళ్లు కిలోమీటర్ల లోతుకు దించే బోర్లలో కొన్ని ఆ పాత పొరల దాకా పోతాయి. రాజమండ్రి దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి కొడతారు కదా, అది 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి దక్కన్ లావా. పడమటి కనుమల వైపు నుంచి లోయలు పట్టుకుని సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని చెబుతారు. ఆ లావా పొరల మధ్య చిక్కుకున్న సముద్రపు సూక్ష్మజీవుల గుల్లల్ని పట్టి, కింది పొర పారిన కాలానికీ డైనోసార్లు పోయిన కాలానికీ దగ్గర అని 2008లో గెర్టా కెల్లర్ బృందం రాసింది. ఆకాశం నుంచి పడ్డ బండే చంపిందనేవాళ్లు ఒప్పుకోరు. వాళ్ల తగువు వాళ్లది. బెజవాడ రాయి మీద ఇల్లు కట్టుకుని రాయి లేని ఊరని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. రాయి ఉంది, అందనంత అడుగున ఉంది, అంతే.

మధ్యాహ్నం గైడు మమ్మల్ని రాయైపోయిన చెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. పడిపోయిన మానులు పడిపోయినట్టే ఉన్నాయి. బెరడు గీతలు కనిపిస్తాయి, గోరుతో తడితే గంటలా ఖంగుమంటుంది. పోచంపల్లిలో కూడా ఎముకల మధ్య ఇలాంటి పెద్ద పెద్ద మానులు దొరికాయని, మందంతా ఒక్కసారి వరదలో చిక్కుకుని ఉంటుందని పరిశోధకుల అభిప్రాయమని చెప్పాడు. ఎముకలు ఒకచోటే ఉన్నాయి, కానీ కీళ్లు విడిపోయి కలగలిసి ఉన్నాయి. పుర్రె ఒక్కటీ లేదు, కొన్ని పళ్లు మాత్రం దొరికాయి. కోటసారస్‌కూ అంతే. బిర్లాలో నిలబెట్టినదానికి తలకాయ ఊహించి పెట్టిందే.

"గట్లెట్ల అన్ని ఒక్కదగ్గర చేరతయో" అని గైడు తనలో తను అనుకున్నట్టు అన్నాడు. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు సిరోంచ చుట్టూ ఊళ్లు ఖాళీ చేయించారు, ఆ వరద చూసినవాడే. కానీ ముందే చెప్పి వచ్చే వరద వేరు.

నాకు తెలుసు ఎట్లా చేరతాయో. 1977 నవంబరు 19న నాకు పద్నాలుగేళ్లు. అవనిగడ్డకూ నాగాయలంకకూ మధ్య మా పల్లె. మధ్యాహ్నం నుంచి గాలి, సాయంత్రానికి సముద్రం. మేం ఇంటి దూలం పట్టుకుని బతికాం. సొర్లగొంది వైపు ఊళ్లకు ఊళ్లే పోయాయి. మొత్తం మీద పదివేల మందికి పైగా. నీళ్లు తీశాక చూస్తే నేలంతా చిమ్మినట్టు ఖాళీ, అన్నీ కాలవ మలుపుల్లో, తుమ్మకంపల్లో ఒకేచోట గుట్టపడి ఉన్నాయి. తాటిమానులు, ఇంటి వాసాలు, గేదెలు, మనుషులు. వరసా వావీ లేకుండా. నీళ్లు ఎక్కడ మెత్తబడితే అక్కడ బరువు దించుకుంటాయి. తేలికైనవి ఇంకా ముందుకు పోతాయి. పుర్రె తేలికే కదా, మెడనుంచి ముందు ఊడేదీ అదే. ఇదంతా అతనికి ఒక్కముక్కలో చెప్పాను. బావమరిది తల పక్కకు తిప్పుకున్నాడు. వాళ్ల అక్క మిగిలింది, తర్వాత నా భార్య అయింది. వాళ్ల చెల్లెలు మిగల్లేదు.

కుర్రాడు ఉప్పెన మాట వినలేదు, అప్పటికి పుట్టనూ లేదు. మాట మార్చడానికో ఏమో, తిరిగి కారు దగ్గరికి నడుస్తూ అడిగాడు.

"మీ దిక్కు బొక్కలు దొర్కయా సార్?"

"దొరికాయి" అన్నాను. "మా నాన్న అరక కట్టినప్పుడు, నాగేటి చాల్లో."

అతని మొహం వెలిగింది. "గవి ఎన్ని కోట్ల ఏండ్లయి సార్?"

"రెండేళ్లవి" అన్నాను.