మిసైళ్ల చదువుకి ఏ కాలేజీ?

చేవెళ్ల, మొయినాబాద్ వైపు తల్లిదండ్రులు నన్ను తరచూ అడుగుతుంటారు: "మిసైళ్ల చదువు ఏ కాలేజీలో ఉంది సార్?"

జవాబు చరిత్రలో ఉంది. డీఆర్‌డీఓ పుట్టింది 1958లో. 1960ల్లో హైదరాబాద్‌కి డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ వచ్చాయి. 1983లో క్షిపణుల కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపిన కలాం గారు చదివింది ఫిజిక్స్, ఆ తర్వాత ఏరోనాటికల్. మిగతావాళ్లలో మెకానికల్, మెటలర్జీ, ఎలక్ట్రానిక్స్ వాళ్లే ఎక్కువ. డిఫెన్స్ టెక్నాలజీ పేరుతో ఏఐసీటీఈ, డీఆర్‌డీఓ కలిసి కోర్సు తెచ్చింది 2021లో. అదీ ఎంటెక్!

కాబట్టి ఇంటర్ అవ్వగానే పేరు చూసి, భూమి అమ్మి ఫీజు కట్టకండి. మొయినాబాద్‌లోనే ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. వెళ్లి ల్యాబ్ తలుపు తీయించండి. మిషన్లు నడుస్తున్నాయా చూడండి, సీనియర్లను అడగండి. డీఆర్‌డీఓ సైంటిస్ట్ పోస్టుకి చూసేది గేట్ స్కోరు. అది రావాలంటే బేసిక్స్ గట్టిగా ఉండాలి.